బీటా 0.7కి దించడానికి ఒక ఆదివారం

2020 మార్చి 23న నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడింది. నా షేర్లు అంతకంటే ఎక్కువే పడ్డాయి, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. ఇంజినీరింగ్ ఫీజు తలుచుకుంటే మళ్లీ అదే టెన్షన్. నిఫ్టీ 10 శాతం పడితే నావి ఓ 7 శాతంతో ఆగాలి, అంటే బీటా 0.7 ఉండాలి అనుకున్నాను.

ఎక్సెల్ తెరిచి, బ్యాంకు షేరు వారాంతపు ధరలు ఒక కాలమ్‌లో, నిఫ్టీవి పక్క కాలమ్‌లో పెట్టి నిఫ్టీ కదిలితే షేరు ఎంత కదులుతుందో చెప్పే స్లోప్ ఫార్ములా కొట్టాను. 0.07 వచ్చింది. బ్యాంకు షేరు మరీ ఇంత సాధువా! ఫోన్లో మా బావమరిది ఒకటే నవ్వు. "ధరలు కాదు బావా, వారం వారం ఎంత శాతం మారిందో అది వెయ్యి. షేరు ముందు, నిఫ్టీ తర్వాత. తిరగేస్తే లెక్క తప్పుతుంది." 104 వారాల మార్పులు వేస్తే 1.3 తేలింది. ఇది నమ్మేలా ఉంది.

తర్వాత వాటాలు. ముందు కొన్న ధరతో వేసి మళ్లీ చెరిపాను. చూడాల్సింది ఈరోజు విలువ. మొత్తం 10 లక్షల్లో బ్యాంకు షేర్లు 4 లక్షలు, బీటా 1.3. నిఫ్టీ వెంటే నడిచే ఇండెక్స్ ఫండ్ 3 లక్షలు, బీటా 1. సబ్బులు, బిస్కెట్ల కంపెనీలు 3 లక్షలు, బీటా 0.6. వాటాతో గుణించి కూడితే 0.52, 0.30, 0.18. మొత్తం బీటా సరిగ్గా 1.

0.3 తగ్గాలి. కొన్ని అమ్మి ఆ డబ్బు లిక్విడ్ ఫండ్‌లో (షేర్ల జోలికి పోని ఫండ్) పెడితే, దాని బీటా సున్నా అనుకోవచ్చు. ఇండెక్స్ ఫండ్ అమ్మితే 3 లక్షలూ పోవాలి. బ్యాంకు షేర్లయితే 0.3ని 1.3తో భాగిస్తే 0.23, అంటే 2 లక్షల 31 వేలు చాలు. మర్నాడు మార్కెట్ తెరిచాక అవే అమ్మాను. డీమ్యాట్‌లో (షేర్లు ఉండే ఖాతా) ముందు కొన్నవే ముందు పోతాయి కాబట్టి, అమ్మినవన్నీ ఏడాది దాటినవే. లాభం లక్షా పాతిక వేలు దాటలేదు, పన్ను పడలేదు.

నెల తిరక్కుండానే నిఫ్టీ కదలకపోయినా ఒక సబ్బుల కంపెనీ ఫలితాలు బాగాలేక పడింది. బీటా ఇలాంటివాటికి అడ్డుపడదని అప్పుడు తెలిసింది.

మొన్న బ్యాంకులు పెరిగాక మళ్లీ లెక్కేస్తే 0.72. ముట్టుకోలేదు. 0.75 దాటితే చూద్దాం.