దురద అని చెప్పడానికే రెండేళ్లు

గుంటూరులో ఉన్నప్పుడే మొదలైంది. మెడికల్ షాపు నుంచి ఫంగస్ ఆయింట్‌మెంట్ తెప్పించుకుని రాసుకునేదాన్ని. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. అమ్మకు కూడా చెప్పలేదు. ఆ భాగం పేరే మా ఇంట్లో ఎవరూ పలకరు.

మ్యూనిక్ వచ్చాక మూత్రం పోసేటప్పుడు మంట కూడా మొదలైంది. ఇక తప్పక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. జననాంగం బయటి చర్మం మీద తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా మచ్చ ఉందని చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్‌కు ముందు దశ, కారణం హెచ్‌పీవీ 16 అనే వైరస్. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చన్నారు. ఆ రాత్రి పాప పక్కన పడుకుని తెల్లారేదాకా ఏడ్చాను.

మామూలుగా అయితే కోసి తీసేస్తారు. నా మచ్చ, స్పర్శ బాగా తెలిసే క్లిటోరిస్‌ను ఆనుకుని ఉంది. అక్కడ కత్తి పడితే స్పర్శ పోతుందేమోనని నా భయం. అప్పుడు డాక్టరు ఫోటోడైనమిక్ థెరపీ గురించి, అంటే మందు రాసి కాంతితో చెడిన కణాలను చంపే వైద్యం గురించి చెప్పారు. మళ్లీ వచ్చే అవకాశం ఉందన్న సంగతీ దాచలేదు. ఒప్పుకున్నాను.

అమినోలెవులినిక్ ఆమ్లం ఉన్న జెల్ రాసి మూడు గంటలు కప్పి ఉంచారు. దాని నుంచి కణాల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే, నీలం కాంతిలో ఎర్రగా మెరిసే పదార్థం తయారవుతుంది. చెడిన కణాల్లో అది ఎక్కువగా పోగవుతుంది. తర్వాత గదిలో లైట్లు ఆర్పి నీలం కాంతి వేసి, చూస్తారా అంటూ అద్దం చేతికిచ్చారు. చీకట్లో మచ్చ నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతోంది. మామూలు వెలుతురులో కనిపించినదానికంటే బియ్యపు గింజంత పక్కకు పాకి ఉంది. రెండేళ్లు నేను నోటితో చెప్పలేనిది అలా కళ్లెదుట కనిపించింది.

తర్వాత ఎర్ర కాంతి. ఆ వెలుగు, కణంలోని ఆక్సిజన్, ఆ పదార్థం కలిస్తేనే చెడిన కణం చస్తుంది. కారం దంచిన చేతులు మండినట్టు మండింది, అదీ అంత సున్నితమైన చోట. నర్సు చల్లగాలి గొట్టం పెట్టి నా చెయ్యి పట్టుకుంది. రెండుసార్లు ఆపించాను.

ఈ వైద్యానికి బీజం పడింది ఇదే ఊళ్లో అని తర్వాత చదివాను. 1900 ప్రాంతంలో ఇక్కడి ప్రొఫెసర్ టాప్పైనర్ దగ్గర పనిచేసే ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, రంగు కలిపిన నీళ్లలోని సూక్ష్మజీవులు వెలుతురు పడినప్పుడు త్వరగా చావడం గమనించాడట. ఆ కుర్రాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పది రోజులు వాపు. మూత్రం పోసేటప్పుడు చెంబుతో నీళ్లు పోసుకుంటే మంట ఓర్చుకోగలిగేదాన్ని. ఇంకోసారి చేశారు. మూడు నెలల తర్వాత చేసిన బయాప్సీలో ఏమీ లేదు. ఆరునెలలకోసారి చూపించుకోవాలి.

రిపోర్టు వచ్చిన రోజు అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నాకూ ఎప్పట్నుంచో దురదేనే అమ్మా" అంది. సోమవారం నాన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నారు.