సోమెత్సుకే (తెల్ల పింగాణీ మీద నీలి బొమ్మల) టీ కప్పులు: నాలుగో విడత, నీలం నింపే దశ

ఆరు కప్పులూ 900 డిగ్రీల బిస్క్ కాల్పు, అంటే గ్లేజు (గాజు పూత) వేయకముందు చేసే తొలి కాల్పు, దాటాయి. చక్రం మీద పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తు 94 మి.మీ. జపాన్‌లోని అమాకుసా రాతిమట్టి ఎండి, కాలి, మొత్తం మీద 15 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి చివరికి 80 దగ్గర తేలాలి.

నమూనా తాకో-కరకుసా, ఆక్టోపస్ చేతుల్లా మెలికలు తిరిగే తీగ. జపాన్ ఎడో కాలం (1603–1868) చివర్లో దీన్ని ఒక్క గీతతో లాగించేశారు. అంతకుముందు అక్కడి పింగాణీ ఊరు అరితా పనివాళ్లు సన్నటి అంచు గీసి, లోపల నీలం నింపేవారు. అందం ఆ పాత పద్ధతిదే, అందుకే ఇక్కడా అదే. పల్చటి కాగితం మీద సొరకాయ బొగ్గుతో గీసి కప్పుకి అద్దితే, ఒక్క కాగితం ఆరింటికీ సరిపోయింది. బొగ్గు గీత కాల్పులో మాడిపోతుంది, మచ్చ మిగలదు.

గోసు, అంటే కోబాల్టు రంగు, కాటుకంత మెత్తగా నూరాలి. కలపడానికి నీళ్లు కాదు, చిక్కగా మరిగించి చల్లార్చిన టీ. అందులోని వగరు పదార్థం వల్ల రంగు బిస్క్‌ని పట్టుకుంటుంది, కుంచె సాఫీగా జారుతుంది.

అసలు కష్టం నింపడంలోనే, దాన్ని దామీ అంటారు. కప్పుని పక్కకి వాల్చి పట్టుకోవాలి. లావాటి కుంచె నిండా పల్చటి గోసు పీల్చుకుని, వేళ్లతో మెల్లగా నొక్కుతూ అంచు లోపల ఒక బొట్టు నిలబెట్టాలి. కుంచె మొనతో రుద్దకుండా ఆ బొట్టునే ముందుకు నడిపించి, చివర మిగిలింది కుంచెతోనే వెనక్కి పీల్చేయాలి. బిస్క్ క్షణంలో తడి లాగేస్తుంది. చెయ్యి ఆగితే అక్కడ రంగు పేరుకుంటుంది. మూడో విడతలో రెండు కప్పులు అలాగే పోయాయి: పేరుకున్న చోట నీలం నల్లబడి, గ్లేజు పక్కకి తప్పుకుంది. వేలి జిడ్డు అంటినా గ్లేజు పట్టదు, కప్పుని అడుగు పట్టుకునే తిప్పాలి.

ఇక గ్లేజులో మూడు సెకన్లు ముంచడం, అడుగు అంచు తడి స్పాంజితో శుభ్రంగా తుడవడం. తుడవకపోతే బట్టీ పలకకి అతుక్కుంటుంది. తర్వాత 1300 డిగ్రీల కాల్పు. గ్లేజు కరిగి మూసుకోకముందే, 950 దగ్గరే బట్టీలో గాలి తగ్గించాలి. ఆలస్యమైతే మట్టిలోని ఇనుము వల్ల తెలుపు పసుపుకి తిరుగుతుంది. 100 డిగ్రీల లోపుకి దిగాకే తలుపు.