రొయ్యల గుంటల డేటాకి కాఫ్కా కావాలా, రాబిట్ ఎంక్యూ చాలదా?

అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో సెన్సర్లు పెట్టి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సాఫ్ట్‌వేర్ రాస్తుండాం, మధ్యలో మెసేజ్ బ్రోకర్ (సెన్సర్లు పంపే మెసేజ్‌లు తీసుకుని కావాల్సిన ప్రోగ్రామ్‌కి అందించేది) ఏది పెట్టాలని టీమ్‌లో ఒకటే గోల.

అందరూ కాఫ్కా అంటారు. స్పీడే, కాదన్ను, వచ్చిన మెసేజ్‌ని డిస్క్ మీద లాగ్ చివర వరసగా రాసుకుంటా పోద్ది, చదివినా తీసెయ్యదు, డీఫాల్ట్‌గా 7 రోజులు ఉంచుద్ది, కాబట్టి తెల్లారుజామున ఏ గుంటలో ఆక్సిజన్ ఎప్పుడు పడిందో మళ్ళీ మొదట్నించి చదువుకోవచ్చు. నాకు బాగా నచ్చింది అదే. ఇంతకుముందు కాఫ్కా సర్వర్ల లెక్కలు చూసుకోడానికి జూకీపర్ అని ఇంకోదాన్ని కూడా మేపాల్సొచ్చేది, 2025లో వచ్చిన కాఫ్కా 4.0తో ఆ పీడ పోయింది. అయినా పార్టిషన్లు, ఆఫ్‌సెట్లు, కన్స్యూమర్ గ్రూపులు అని దాని లెక్కలన్నీ అర్థమయ్యేసరికి కొత్త పిల్లోళ్ళకి తల తిరుగుద్ది.

రాబిట్ ఎంక్యూ అట్టా కాదు. మేనేజ్‌మెంట్ ప్లగిన్ ఆన్ చేస్తే ఏ క్యూలో ఎన్ని మెసేజ్‌లు ఆగినయ్యో బ్రౌజర్‌లోనే కనపడతయ్, సెన్సర్లు మాట్లాడే ఎంక్యూటీటీ ప్రోటోకాల్‌కి కూడా ప్లగిన్ ఉంది. మామూలు క్యూలో, తీసుకున్న ప్రోగ్రామ్ మెసేజ్ అందిందని చెప్పగానే తీసేస్తది, రైతుకి "ఏరేటర్ ఎయ్యి" అని అలర్ట్ పంపడానికి అంతకన్నా ఏం కావాలబ్బా.

నాట్స్ అని ఇంకో బ్రోకర్ ఉంది, చాలా తేలిక, కానీ ఉత్త కోర్ నాట్స్‌లో వినేవాడు లేకపోతే మెసేజ్ పోయినట్టే, దాచాలంటే దాంట్లోనే ఉండే జెట్‌స్ట్రీమ్ ఆన్ చెయ్యాలి.

ఇక బెంచ్‌మార్కులంటారా, ఆ స్పీడ్ టెస్టుల్లో ఎక్‌నాలెడ్జ్‌మెంట్లు (మెసేజ్ అందిందని తిరిగి చెప్పడం) ఆపేసి, చిన్న చిన్న మెసేజ్‌లు పంపి సెకనుకి లక్షలని చూపిస్తుంటారు, నేనైతే పట్టించుకోను. గుంటకి నిమిషానికొక రీడింగ్ అనుకున్నా 100 గుంటలకి సెకనుకి రెండు మెసేజ్‌లు కూడా రావు గదా. అందుకే రాబిట్టే పెట్టాం.