ఎడమ చేతి పలకరింపు: ఫారో బైకుల జాతరలో నా అనుభవం

ఎడమ చెయ్యి కిందికి చాపి, రెండు వేళ్లు చూపిస్తూ ఎదురుబండి ఆయన దాటిపోయాడు. ముందేదో ప్రమాదం ఉందని చెబుతున్నాడనుకుని బ్రేకు తొక్కాను. ఆ వెనకాల వచ్చినావిడా అదే చేసింది. మూడో బండి వచ్చేసరికి నాకు అర్థమైంది, పలకరిస్తున్నారని. మన దగ్గర ఎడమ చేత్తో పలకరించడం మర్యాద కాదు. కానీ అక్కడి రోడ్డు మీద అదే సరైన చెయ్యి. యాక్సిలరేటర్ కుడి చేతిలో ఉంటుంది. బళ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి ఎదురొచ్చేవాళ్లు మనకు ఎడమ వైపు నుంచే పోతారు.

అది పోర్చుగల్. లిస్బన్ నుంచి దక్షిణాన ఉన్న ఫారోకి వెళ్తున్నాను. 1982లో మొదలైన ఫారో బైకుల జాతర ఏటా జూలైలో జరుగుతుంది. ఎన్నో ఏళ్లుగా వెళ్లాలనుకుంటున్నది.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు గానీ ముందే మొదలుపెట్టాలి. షెంజెన్ వీసాకి (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ పాలసీలో బైకు నడపడం గురించి ఏం రాసి ఉందో ఒక్కో లైనూ చదవండి. నేను మొదట చూసిన పాలసీలో పెద్ద ఇంజిన్ బళ్లకు కవర్ లేదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి ఆర్టీవో ఆఫీసులో 1,000 రూపాయల ఫీజు కట్టాను.

అసలు టెన్షన్ బండి అద్దెకిచ్చే షాపులో మొదలైంది. డిపాజిట్ బ్లాక్ చేయడానికి నా పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలన్నారు, డెబిట్ కార్డు పనికిరాదన్నారు. నా క్రెడిట్ కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసి లేదు. యాప్‌లో మార్చి, బ్యాంకుతో మాట్లాడి, లిమిట్ పెంచుకునేసరికి రెండు గంటలు పోయాయి. ఇల్లు కదలకముందే చేసుకోవాల్సిన పని అది.

లిస్బన్‌లో నది దాటించే 25 ఏప్రిల్ బ్రిడ్జి మీద లోపలి లేన్లకు తారు ఉండదు, ఇనుప జాలీ ఉంటుంది. చక్రం దాని మీదికెక్కగానే బండి సన్నగా ఊగుతుంది, కిందనుంచి తేనెటీగల తుట్టె లేచినట్టు మోత. హ్యాండిల్ బిగించకుండా వదులుగా పట్టుకుంటే బండి దానంతటదే నిలదొక్కుకుంటుంది. కుడి పక్కన నడపడం తిన్నని రోడ్డు మీద అరగంటలో అలవాటైంది. రౌండబౌట్లు మాత్రం రెండు రోజులు భయపెట్టాయి. అక్కడ ఎడమ నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి, నా కళ్లేమో కుడివైపే వెతికేవి. ప్రతి రౌండబౌట్ ముందూ "ఎడమ చూడు" అని హెల్మెట్‌లో పైకే అనుకునేవాణ్ణి.

టోల్ రోడ్డు వదిలి పాత ఐసీ1 రోడ్డు పట్టుకున్నాను. ఆలెంతేజు ప్రాంతంలో దారి పక్కన బెండు (కార్క్) చెట్లు. తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలిచి, ఏ ఏడాది ఒలిచారో ఆ చివరి అంకె మాను మీద రంగుతో రాస్తారు. అప్పుడే ఒలిచిన మాను ఎర్రటి ఇటుక రంగులో ఉంది. బండి ఆపి చెయ్యి పెట్టి చూశాను.

జాతర జరిగేది ఫారో విమానాశ్రయం దగ్గర, వాలె దాస్ ఆల్మాస్ అనే పైన్ తోపులో. ఎక్కడ చూసినా బళ్లు, వాటి మధ్య టెంట్లు. చేతికి పట్టీ కట్టి లోపలికి పంపారు. నేల ఇసుక. సైడ్ స్టాండ్ వేసి హెల్మెట్ తీస్తుంటే బండి మెల్లగా ఒరిగిపోతోంది. పక్క టెంటులోని స్పెయిన్ పెద్దాయన పరుగున వచ్చి భుజం ఆనించాడు, కాలితో నలగ్గొట్టిన బీరు డబ్బా ఒకటి స్టాండు కింద పెట్టాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆ మూడు రాత్రులూ ఆయన వండిన దాంట్లో నాకో గిన్నె పక్కన పెట్టాడు. రాత్రి పాటల కచేరీలు బాగానే ఉన్నాయి, చెవుల్లో పెట్టుకోవడానికి దూది లేకపోతే నిద్ర మాత్రం ఉండదు. ఆదివారం అందరూ వరసగా ఊళ్లోకి ఊరేగింపుగా వెళ్లారు. బాల్కనీల్లోంచి ముసలివాళ్లు చేతులూపుతుంటే గొంతు పట్టేసింది.

తిరుగు దారి తీరం వెంబడే. ఎన్125 రోడ్డు మీద లాగుష్ దాటి సాగ్రెష్, అక్కడి నుంచి సావ్ విసెంత్ అగ్రం. ఐరోపా ప్రధాన భూభాగానికి నైరుతి కొస అది. ఆ నిట్టనిలువు కొండ అంచున నిలబడి జాలర్లు పొడవాటి గాలాలు వేస్తున్నారు. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగాక మధ్యాహ్నం గాలి మొదలైంది, దాన్ని నోర్తాదా అంటారు. కొండల చాటు నుంచి బయటపడిన ప్రతిసారీ బండిని పక్కకు తోసేది. రెండో రోజు నుంచి పొద్దున్నే బయల్దేరి రెండు గంటలకల్లా ఆపేశాను. అల్జెజూర్, ఒదెసైష్, మిల్‌ఫోంతెష్... ఈ తీరానికి నాలుగు రోజులైనా కావాలి, నాకు మూడే దొరికాయి.

చివర్లో త్రోయా దగ్గర పడవెక్కితే సాదు నది దాటి సెతూబల్‌లో దిగొచ్చు. బళ్లను ముందు వరసలో నిలబెట్టారు. పడవ ఒడ్డుకు చేరి తలుపు దిగాక బయటికొచ్చాను. ఎదురుగా ఎక్కడానికి ఒక కుర్రాడు బండి మీద కాచుకుని ఉన్నాడు, వెనక టెంటు కట్టుకుని. ఈసారి నా చెయ్యే ముందు లేచింది.