పోయింది డిస్కు కాదు, బోర్డు: ఎక్స్‌టర్నల్ డ్రైవు విప్పిన నా అనుభవం

ఆన్ చేస్తే లైటు వెలుగుతోంది, లోపల డిస్కు తిరుగుతున్న హోరు వినిపిస్తోంది, కంప్యూటర్‌లో మాత్రం ఏమీ కనబడటం లేదు. కేబుల్‌ని కాస్త పక్కకి వంచి పట్టుకుంటే ఒక్క క్షణం డ్రైవు పేరు వచ్చి మాయమవుతోంది. నా 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పరిస్థితి ఇది. అందులో ఇంటిల్లిపాది ఫోటోలు, స్కాన్ చేసిన పాత ఉత్తరాలు, నాన్న చెప్పిన కబుర్లు రికార్డు చేసిన ఆడియో ఫైళ్ళు ఉన్నాయి. ఫోటోలు వేరేచోట కూడా ఉన్నాయి. నాన్న గొంతు మాత్రం ఇందులోనే ఉంది.

ఎక్స్‌టర్నల్ డ్రైవుని మనం ఒకే వస్తువు అనుకుంటాం గానీ, లోపల ఉండేవి రెండు. ఒకటి కంప్యూటర్లలో బిగించే మామూలు సాటా హార్డ్ డిస్కు (సాటా అంటే డిస్కుని కంప్యూటర్‌కి కలిపే పద్ధతి). రెండోది దాని చివర తగిలించిన చిన్న బోర్డు. యూఎస్‌బీ నుంచి వచ్చే మాటని సాటాకి అర్థమయ్యేలా మార్చేది అదే. దాన్ని బ్రిడ్జి బోర్డు అంటారు. ఈ రెండింట్లో ఏది చెడిందో తేల్చుకోకుండా పెట్టె మీద చెయ్యి వెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటున్నా, తిరగబోయి ఆగిపోతున్నా తప్పు డిస్కులోనే ఉండొచ్చు. అప్పుడు వెంటనే పవర్ తీసేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ళకి అప్పజెప్పడం మంచిది. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూస్తే ఉన్నది కూడా పోతుంది.

నాది నిలకడగా తిరుగుతోంది. కేబుల్ మార్చాను, వేరే కంప్యూటర్‌కి పెట్టి చూశాను, అడాప్టర్ కూడా మార్చాను. 3.5 అంగుళాల డిస్కుకి మోటారు తిప్పడానికి 12 వోల్టులు కావాలి, అందుకే దానికి విడిగా అడాప్టర్ ఇస్తారు. ల్యాప్‌టాప్ అడాప్టర్లలో 19 వోల్టులవి చాలా ఉంటాయి, పిన్ను మాత్రం ఒక్కోసారి ఇందులోకి చక్కగా దూరిపోతుంది. దూరింది కదా అని పెడితే బోర్డుతో పాటు డిస్కు కూడా మాడిపోవచ్చు. అడాప్టర్ మీద రాసింది చదివాకే పెట్టాలి. ఇవన్నీ చూశాక మిగిలింది కేబుల్ దూర్చే పోర్టే.

జేబులో పట్టే 2.5 అంగుళాల డ్రైవులున్నవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. వాటిలో కొన్నింటికి, ఉదాహరణకి వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ రకాల్లో చాలావాటికి, లోపల సాటా పోర్టే ఉండదు. యూఎస్‌బీ పోర్టుని నేరుగా డిస్కు బోర్డు మీదే సోల్డర్ చేస్తారు. అలాంటిది విప్పినా దాన్ని వేరే పెట్టెలో పెట్టుకునే వీలుండదు.

నా పెట్టెకి బయట ఒక్క స్క్రూ కూడా కనబడలేదు. అడుగున రబ్బరు కాళ్ళు ఎత్తి చూశాను, లేబుల్ మీద వేలితో నొక్కి చూశాను, గుంటలేమీ తగల్లేదు. అంటే అంతా లోపలి ప్లాస్టిక్ క్లిప్పుల మీదే నిలబడి ఉందన్నమాట. స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలిస్తే అంచు విరుగుతుంది, జారితే బోర్డుకి గీత పడుతుంది. చెల్లని పాత ప్లాస్టిక్ కార్డుల్లాంటివి దీనికి సరైన పనిముట్లు. పోర్టు ఉన్న వెనక వైపు నుంచి మొదలుపెట్టి ఒక కార్డు అతుకులోకి దూర్చాను. క్లిప్పు టప్పుమని వదిలిన చోట దాన్ని అలాగే ఉంచి, ఇంకో కార్డుతో ముందుకు జరిగాను. ఉంచకపోతే ముందు వదిలిన క్లిప్పు వెనకాలే మళ్ళీ పట్టేసుకుంటుంది. ఈ పనిలో తొందర పనికిరాదు. ఒక పక్క పూర్తిగా వదిలాక మూత తనంతట తానే జారి వచ్చింది.

లోపల డిస్కు నాలుగు మూలలా రబ్బరు ముక్కల్లో కూర్చుని ఉంది, అదురు బయటికి రాకుండా. బోర్డుని పట్టి ఉంచిన స్క్రూ తీసి, దాన్ని డిస్కు కొస నుంచి వంచకుండా తిన్నగా వెనక్కి లాగాను. లాగేముందు పక్కనున్న లోహాన్ని ముట్టుకున్నాను, ఒంట్లో స్టాటిక్ కరెంటు ఉంటే పోతుందని. భూతద్దం పెట్టి చూస్తే సంగతి తేలిపోయింది: వెడల్పాటి మైక్రో-బి పోర్టు దగ్గర సోల్డర్ చుట్టూ సన్నటి పగులు. ఆ పోర్టు ఏళ్ళ తరబడి కేబుల్ బరువంతా మోసింది మరి.

డిస్కుని డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌కి తగిలించాను. విండోస్ వెంటనే దాన్ని ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. గుండె గుభేలుమంది. వద్దు అని నొక్కి, డిస్కులోని భాగాల్ని చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. 4 టీబీ డిస్కులో 465 జీబీ పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) ఒకటి ‘RAW’ అని, అంటే లోపలేముందో విండోస్‌కి అర్థం కానట్టు కనబడుతోంది, మిగతా అంతా ఖాళీ.

ఆ 465 అన్న అంకె దగ్గర ఆగిపోయాను. 4 టీబీని విండోస్ సుమారు 3,726 జీబీగా చూపిస్తుంది. దాన్ని 8తో భాగిస్తే 465. 8 అంటే 4096ని 512తో భాగిస్తే వచ్చేది, ఈ రెండూ డిస్కు మీద చోటుని కొలిచే సైజులు. అప్పుడు అర్థమైంది, డేటా ఎక్కడికీ పోలేదని.

డిస్కు మీద చోటుని సెక్టార్లనే చిన్న చిన్న ముక్కల లెక్కన కొలుస్తారు. ఏ పార్టిషన్ ఎక్కడుందో పట్టికగా రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్. 512 బైట్ల సెక్టార్లతో ఆ పద్ధతిలో 2 టీబీ దాకానే పార్టిషన్ చెయ్యగలం. ఆ హద్దు దాటడానికి కొన్ని బ్రిడ్జి బోర్డులు డిస్కులోని 512 బైట్ల సెక్టార్లని ఎనిమిదేసి కలిపి, ఒక్కొక్కటీ 4096 బైట్లదని కంప్యూటర్‌కి చెబుతాయి. నా పార్టిషన్ పట్టికలో అంకెలన్నీ ఆ లెక్కలోనే రాసి ఉన్నాయి. బోర్డు తీసేసరికి కంప్యూటర్ అవే అంకెల్ని 512 లెక్కన చదివింది. 256వ సెక్టారు దగ్గర మొదలవ్వాల్సిన పార్టిషన్ కోసం 1 ఎంబీ దగ్గర కాకుండా 128 కేబీ దగ్గర వెతికింది. అక్కడ ఏముంటుంది?

ఇంకో రకం బోర్డులుంటాయి. మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా అవి డేటాని ఎన్‌క్రిప్ట్ చేశాకే, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చాకే, డిస్కు మీద రాస్తాయి. అలాంటి డిస్కు అయితే నాకు పార్టిషన్ పట్టికే కనబడేది కాదు, అంతా అర్థంలేని బైట్లే వచ్చేవి. అప్పుడు ఆ బోర్డుకి పోర్టు మళ్ళీ సోల్డర్ చేయించుకోవడమే మొదటి దారి. అందుకే పాత బోర్డుని పగిలిందని చెత్తలో వెయ్యొద్దని చూసినవాళ్ళందరికీ చెబుతున్నాను. డేటా పూర్తిగా చేతికొచ్చేదాకా డిస్కు ఎంతో బోర్డూ అంతే.

నాకు సోల్డరింగ్ అవసరం రాలేదు. కంప్యూటర్‌ని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లోసెటప్ (losetup) కమాండుతో ఆ డిస్కు మీద 4096 సెక్టారు సైజుతో, రీడ్ ఓన్లీగా (చదవడమే తప్ప రాయకుండా) ఒక లూప్ డివైస్, అంటే సాఫ్ట్‌వేర్ సృష్టించే ఉత్తుత్తి డిస్కు, పెట్టాను. బోర్డు చేసే లెక్కనే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తుందన్నమాట. పార్టిషన్ పూర్తి సైజులో కనబడింది. దాన్ని రీడ్ ఓన్లీగానే మౌంట్ చేశాను, అంటే తెరిచాను. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ముందు నాన్న ఆడియో ఒకటి తెరిచి చివరిదాకా విన్నాను.

కాపీ మొదలుపెట్టే ముందు స్మార్ట్ (SMART) వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు, చూశాను. రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడైతే వాటి బదులు వేరేవి వాడినవి), పెండింగ్ సెక్టార్లు (పాడయ్యాయేమోనని అనుమానం ఉన్నవి) రెండూ సున్నా. అవి పెరుగుతూ ఉంటే మామూలు కాపీ వద్దు, ముందు డీడీరెస్క్యూ (ddrescue) అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసుకోవాలి. నాకు ఆ అవసరం లేదు కనుక ఆడియో ముందు, ఉత్తరాలు తర్వాత, ఫోటోలు చివర కొత్త డిస్కులోకి కాపీ చేశాను. ఫైళ్ళ చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో చెప్పే లెక్కలు) రెండు వైపులా సరిపోల్చి, ఆడియోకి వేరే డిస్కులో రెండో కాపీ కూడా పెట్టాకే పాత డిస్కుని ఎంబీఆర్ బదులు కొత్త పద్ధతి జీపీటీతో మళ్ళీ పార్టిషన్ చేసి డెస్క్‌టాప్‌లో బిగించాను.