పడవకి 24 వోల్టుల ట్రోలింగ్ మోటారు: వైరింగులో నా అనుభవం

సీతానగరం ఒడ్డున కట్టేసే 16 అడుగుల ఫైబర్ పడవ. పాత 12 వోల్టుల మోటారు ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలవనీటిలో బాగానే లాగేది. సాయంత్రం ఎదురుగాలి లేస్తే మాత్రం భవానీ ద్వీపం దగ్గరే ఆయాసపడేది. అందుకని 80 పౌండ్ల తోపు (థ్రస్టు) ఉన్న 24 వోల్టుల ట్రోలింగ్ మోటారుకి, అంటే బ్యాటరీతో నడిచే పడవ మోటారుకి, మారాను. (గేట్లు ఎత్తిన రోజుల సంగతి వేరు. అప్పుడు ఏ మోటారైనా సరే, పడవ ఒడ్డున గొలుసుకి ఉండాల్సిందే.) మోటారు బిగించడం అరగంట పని. వైరింగు రెండు రోజులు తిన్నది.

ఈ మోటారు ఫుల్ స్పీడులో 56 ఆంపియర్లు లాగుతుంది, అంటే 1,344 వాట్లు. అదే పవరు 12 వోల్టుల మీద రావాలంటే 112 ఆంపియర్లు. అంత కరెంటుకి వేలి లావు కేబులు వేయాలి. వోల్టేజీ పెంచడంలో లాభమంతా అక్కడే ఉంది. పాత మోటారుకే 24 ఇస్తే పోదా అంటారు కొందరు. పోతుంది, మోటారే పోతుంది.

బ్యాటరీలు రెండు, ఇన్వర్టరుకి వాడే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులరువి. రెండూ ఒకే కంపెనీ, ఒకే నెల తయారీ. పాతదానికి కొత్తది జతచేస్తే పాతది ముందు దిగిపోయి కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. కారు బ్యాటరీ జోలికి వెళ్లొద్దు, అది సెల్ఫు కొట్టడానికే గాని గంటలకొద్దీ లాగడానికి కాదు. మొదటిదాని ప్లస్సు నుంచి రెండోదాని మైనస్సుకి ఒక జంపరు (పొట్టి కేబులు). మిగిలిన రెండు కొసలూ మోటారుకి. వోల్టేజీ రెట్టింపవుతుంది గాని ఏహెచ్ మాత్రం 150 దగ్గరే ఉంటుంది. పైగా ఆ 150 అనేది 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క, గట్టిగా లాగితే అంత రాదు. సగానికి మించి దించకూడదనుకుంటే 20 ఆంపియర్ల మీద మూడున్నర గంటలు, ఫుల్ స్పీడులో గంట కూడా కష్టమే.

మనిషీ మోటారూ వెనకే ఉంటారు కాబట్టి బ్యాటరీలు ముందుకి జరపాల్సి వచ్చింది. ఒక్కోటి 50 కిలోల పైమాటే. దాంతో కేబులు ఒకవైపే నాలుగున్నర మీటర్లయింది, రానూపోనూ 9. 6 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దారిలోనే ఒకటిన్నర వోల్టుకి పైగా పోతుంది, వైరూ కాలుతుంది. 16 స్క్వేర్ వేస్తే 0.6 దగ్గర ఆగుతుంది. ఆటోనగర్‌లో దొరికే రాగి వెల్డింగు కేబులు దీనికి బాగా పనికొస్తుంది, మెత్తగా వంగుతుంది. కొనేముందు ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం, వదిలేయండి.

బ్రేకరు, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చు, బ్యాటరీ ప్లస్సుకి జానెడు లోపే ఉండాలి. ఆ జానెడు వైరుకి రక్షణ లేదు కాబట్టి దాన్ని ఎంత పొట్టిగా ఉంచితే అంత మేలు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పెట్టకూడదు. ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశం లేక లోపలే మండుతుంది. సోలారు సామాన్లు అమ్మే కొట్లో 63 ఆంపియర్ల డీసీ ఎంసీబీ తెచ్చాను. కొన్నిటి మీద ప్లస్సు, మైనస్సు గుర్తులుంటాయి, అవి చూసే కలపాలి. మే నెల ఎండకి పెట్టె కాలిపోతుంటే బ్రేకరు తన లెక్కకంటే ముందే పడిపోతుంది. దాన్ని నీడలో, బ్యాటరీ పెట్టె బయట పెట్టండి. చార్జింగులో బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, పక్కన నిప్పురవ్వ ఉండకూడదు. పెట్టెకి గాలిరంధ్రాలు తప్పనిసరి.

కలిపేటప్పుడు బ్రేకరు ఆఫ్ చేసి మోటారు వైపు ముందు బిగించాను, జంపరు అన్నిటికన్నా చివర. పానాకి పిడి మొత్తం ఇన్సులేషన్ టేపు చుట్టాను, ఉంగరం తీసేశాను. ప్లస్సు మైనస్సులు తారుమారైతే డిజిటల్ మోటారు బోర్డు క్షణంలో పోతుంది, కాబట్టి ప్లగ్గు పెట్టేముందు మీటరుతో ఒకసారి చూసుకోవాలి. నిండా చార్జయి కాసేపు ఆగిన బ్యాటరీల మీద 25.4 దాకా చూపించాలి.

అసలు చిక్కు నీళ్లలోకి దిగాక బయటపడింది. ఫుల్ స్పీడులో బ్యాటరీ కొసల మీద 24.1, మోటారు దగ్గర 21.9. కేబులు తినేది 0.6 అయితే మిగతా 1.6 ఎక్కడికి పోయినట్టు? మీటరుని 2 వోల్టుల రేంజిలో పెట్టి, లోడు మీదే ఒక్కో అతుకుకీ అటూ ఇటూ ఆనించుకుంటూ వచ్చాను. బ్రేకరు మీద 0.1. ప్లగ్గు మైనస్సు పిన్ను మీద ఏకంగా 1.3. అంటే 73 వాట్లు ఆ చిన్న పిన్నులోనే వేడవుతున్నాయి, మూడు సోల్డరింగు ఐరన్లు ఒకేచోట పెట్టినట్టు. విప్పి చూస్తే పోగుల్లో సగమే రంధ్రంలోకి వెళ్లాయి, మిగతావి వెనక్కి మడతపడి నల్లబడ్డాయి. ప్లాస్టిక్ అప్పటికే మెత్తబడింది. లోడు లేకుండా చూస్తే ఇదే పిన్ను నిక్షేపంగా కనిపించింది, మీటరు మంచి వోల్టేజీయే చూపించింది. అందుకే లోడు మీద కొలవని వైరింగుని నేను వైరింగు అనను.

ఆ ప్లగ్గు తీసేసి, ఫోర్కులిఫ్టుల్లో వాడే పెద్ద ఆండర్సన్ కనెక్టరు వేశాను. థింబుళ్లన్నీ (కేబులు కొసకి తొడిగే లోహపు గొట్టాలు) హైడ్రాలిక్ క్రింపరుతోనే నొక్కించాను. కొట్లో సుత్తితో కొట్టి ఇస్తామంటారు, వద్దనండి. సోల్డరు కూడా వద్దు. అది ఆగిన చోట కేబులు బిరుసెక్కి, పడవ కుదుపులకి పోగులు అక్కడే తెగుతాయి. పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేస్తే తడి లోపలికి పాకదు. మళ్లీ కొలిస్తే తేడా 0.8కి దిగింది.

చేపల ఫైండరుకి 12 వోల్టులు కావాలని రెండిట్లో ఒక బ్యాటరీ నుంచి తీసుకోకండి. అది రోజూ కొంచెం ఎక్కువ దిగి, జత తప్పుతుంది. పై బ్యాటరీ (ప్లస్సు మోటారుకి వెళ్లేది) నుంచి తీసి, దాని మైనస్సు మిగతా సామాను మైనస్సుతో కలిసిందా, కింది బ్యాటరీ (మైనస్సు మోటారుకి వెళ్లేది) మొత్తం షార్టే. వేరే చిన్న బ్యాటరీయో, 24 నుంచి 12 చేసే కన్వర్టరో పెట్టుకోవాలి. చార్జింగుకి కూడా నేను రెండు విడి 12 వోల్టుల చార్జర్లే వాడుతున్నాను, ఏ బ్యాటరీ వెనకబడినా ఇట్టే తెలుస్తుంది.

గుర్రపుడెక్క ఫ్యానుకి చుట్టుకుంటే కరెంటు పెరిగి బ్రేకరు పడిపోతుంది. వెంటనే మళ్లీ ఎత్తకుండా, కనెక్టరు పీకి, మోటారు పైకి లేపి శుభ్రం చేయాలి. వలనుంచి తెగిన నైలాను దారం ఇంకా ప్రమాదం. ఫ్యాను వెనక ఇరుసుకి చుట్టుకుని సీలుని కోస్తుంది, నీళ్లు మోటారులోకి పోతాయి. నెలకోసారి ఫ్యాను నట్టు విప్పి చూస్తాను. అదే చేత్తో బ్యాటరీ టెర్మినళ్లు కూడా బిగిస్తాను. సీసం మెత్తది, మొదటి నెలలో నట్లు వదులయ్యే అవకాశం ఉంది.