యాయీరు పక్కనే నిలబడ్డాడు

పొద్దున్నే ఇంట్లో అందరూ లేవకముందు ఒక అరగంట బైబిల్ పట్టుకుని కూర్చుంటాను, ఆ అరగంటే నాది, తర్వాత రోజంతా ఎవరో ఒకళ్ళది. ఇవాళ అదీ దక్కలేదు. ఇలా తెరిచానో లేదో చిన్నోడు కళ్ళు నులుముకుంటూ వచ్చేశాడు, కడుపులో ఏదోలా ఉందమ్మా అని, అది స్కూల్ ఎగ్గొట్టే కడుపునొప్పా నిజం నొప్పా అని తేల్చేసరికే టైమ్ అయిపోయింది (స్కూల్ ఎగ్గొట్టేదే, ఇవాళ లెక్కల టెస్ట్ ఉందంట). చదివింది నాలుగు వచనాలు. కానీ ఆ నాలుగూ రోజంతా నా వెనకాలే తిరిగాయి, అందుకే రాత్రి ఇంత లేటయినా రాసుకుంటున్నా.

మార్కు 5వ అధ్యాయం, యాయీరు కథ. సండే స్కూల్ నుంచి విన్నదే. యూదులు ప్రార్థనకి కూడే సమాజమందిరపు అధికారి, ఊళ్ళో పెద్దమనిషి, వచ్చి యేసుప్రభువు కాళ్ళ మీద పడతాడు, నా కూతురు చావు బతుకుల్లో ఉంది, వచ్చి చేతులుంచండి అని. పాపకి 12 ఏళ్ళు. ప్రభువు సరే అని బయల్దేరతాడు. దారిలో జనం మీద పడిపోతుంటారు, ఆ రద్దీలో 12 ఏళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనకనుంచి వచ్చి వస్త్రం ముడుతుంది. మనం ఎప్పుడూ ఈమె గురించే మాట్లాడుకుంటాం, ఈమె విశ్వాసం గురించే ప్రసంగాలు వింటాం. నేను కూడా స్త్రీల కూటంలో ఈమె మీదే వాక్యం చెప్పాను. కానీ ఈసారి ఎందుకో నా కన్ను యాయీరు మీద పడింది. పాపం ఆ టైమ్‌లో ఆయన ఎక్కడున్నాడు? పక్కనే నిలబడి ఉన్నాడు కదా!

ఒక్కసారి ఊహించుకుంటే గుండె జారిపోతుంది. ఇంట్లో పిల్ల పోయేలా ఉంది, ఒక్కొక్క నిమిషం లెక్క, అలాంటప్పుడు ప్రభువు ఆగి "నా వస్త్రములు ముట్టినదెవరు" అని అడుగుతున్నాడు. శిష్యులకే విచిత్రంగా ఉంది, ఇంతమంది మీద పడుతుంటే ఎవరు ముట్టారని అడుగుతారేంటి అన్నారు. నిజానికి ఆమె జబ్బు అప్పటికే నయమైపోయింది, మార్కు రాసినదాని ప్రకారం ముట్టిన వెంటనే కట్టింది. అర్జెంట్ ఏమీ లేదు. అయినా ప్రభువు కదల్లేదు, ఆమె వణుకుతూ ముందుకొచ్చి "తన సంగతి యంతయు" చెప్పిందని రాసుంది. అంతా అంటే 12 ఏళ్ళ సంగతి, ఎంతమంది వైద్యుల దగ్గరికి తిరిగిందో, ఉన్నదంతా ఎలా ఖర్చయిపోయిందో, ఇంకా ఎలా ముదిరిందో. ఆడవాళ్ళం అంతా చెప్పడం మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. పైగా ధర్మశాస్త్రం లెక్కలో (లేవీయకాండం 15) ఆమె అపవిత్రురాలు, ఆమెని ముట్టినవాళ్ళూ సాయంత్రం దాకా అపవిత్రులే, అంటే ఇన్నేళ్ళూ మనుషుల మధ్యలోకి రాకూడని మనిషి. కాబట్టి ఒళ్ళు బాగయితే సరిపోదు, అందరి ముందూ "కుమారీ" అనిపించుకుని వెళ్ళాలి. ఇది అర్థమవుతుంది. యాయీరు వైపు నుంచి చూస్తేనే అర్థం కాదు, ఎందుకంటే ప్రభువు ఆమెతో ఇంకా మాట్లాడుతుండగానే ఇంటినుంచి కబురొచ్చేసింది, పాప పోయిందని.

ఇదీ పొద్దున్న నా బుర్రలో పడింది. ఇక అక్కడినుంచి అమ్మని బ్లడ్ టెస్ట్‌కి తీసుకెళ్ళాలి, ఏమీ తినకుండా ఇవ్వాల్సిన టెస్ట్, షుగర్ మనిషి కాబట్టి త్వరగా అయిపోతే మంచిదని తెరిచే టైమ్‌కే వెళ్ళాం. ఆఫీస్‌లో రెండు గంటలు పర్మిషన్ అడిగా. టోకెన్ ఇచ్చారు, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం, ఇక మా వంతే అన్న టైమ్‌కి ఒకావిడ పసిబిడ్డని భుజాన వేసుకుని లోపలికొచ్చింది, బిడ్డ ఒళ్ళు కాలిపోతోందంట, ఏడ్చి ఏడ్చి గొంతు కూడా పోయింది. కౌంటర్ అమ్మాయి టోకెన్ లేకుండానే లోపలికి పంపించేసింది. సరే పసిబిడ్డ కదా అనుకున్నాం అందరం. కానీ ఆ బిడ్డకి నరం దొరకట్లేదు. ఈ చేయి అయిపోయింది, ఆ చేయి అయిపోయింది, లోపల్నుంచి ఏడుపు, బయట మేము. వెనక కుర్చీలో ఒకాయన వాచీ చూసుకుంటూ సణగడం మొదలుపెట్టాడు, ఇంకొకాయన లేచి కౌంటర్ దగ్గరికెళ్ళి గట్టిగా అడిగాడు, ఇంత పొద్దున్నే వచ్చి టోకెన్ తీసుకున్నవాళ్ళం పిచ్చోళ్ళమా అని.

నేను పైకి ఏమీ అనలేదు గానీ లోపల కుతకుతలాడిపోతున్నా. నా గురించి కాదు, అమ్మ చేతిసంచి పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది, ఆమెకి కళ్ళు తిరిగే ముందు అలాగే చేస్తుంది. "అమ్మా, అడగనా?" అన్నా. "పోనీలేవే, చంటిది, ఎంత నొప్పిగా ఉంటుందో" అంది. ఆకలి ఆమెది, జాలి కూడా ఆమెదే. అక్కడ ఒక విషయం తట్టింది. నేను "పర్లేదు మీరు వెళ్ళండి" అని దారి ఇచ్చి ఉంటే మంచిదాన్ని అనిపించుకునేదాన్ని, కానీ ఆ మంచితనానికి ఖర్చు పెట్టేది అమ్మ. ఇలా చాలాసార్లు జరుగుతుంది అనుకుంటా. సంఘంలో ఒక దైవసేవకుడు ఎవరు పిలిచినా పరిగెత్తుతాడు, అందరూ ఎంత ప్రేమగల మనిషో అంటారు, ఇంట్లో భార్యాపిల్లలు అన్నాలకి ఎదురుచూస్తుంటారు, వాళ్ళ పేరు ఏ సాక్ష్యంలోనూ రాదు. యాయీరు లాగా పక్కన నిలబడ్డవాళ్ళు వాళ్ళు. ఒకళ్ళ మీద చూపించే కనికరం బిల్లు ఇంకొకళ్ళ చేతికి వెళ్తుంది ఒక్కోసారి.

మరి ప్రభువు కూడా అదే చేశాడు కదా అంటే, చేశాడు, కానీ ఒక తేడా ఉంది, లాబ్‌లో కూర్చునే ఫోన్‌లో మళ్ళీ చదివితే కనిపించింది. కబురు తెచ్చినవాళ్ళు యాయీరుతో అంటారు, ఇక బోధకుణ్ణి ఎందుకు శ్రమపెట్టడం అని. ఆ మాట యాయీరు నోరు తెరిచేలోపే ప్రభువు అందుకున్నాడు, "భయపడకుము, నమ్మిక మాత్రముంచుము" అని వెంటనే ఆయన వైపు తిరిగి చెప్పాడు. అంటే ఆ స్త్రీతో మాట్లాడుతున్నా ఒక చెవి యాయీరు వైపే ఉంది. ఆగమన్నాడే గానీ వదిలెయ్యలేదు. ఆ తర్వాత నేరుగా వాళ్ళింటికే వెళ్ళాడు, పాప నిద్రపోతోందంటే నవ్వినవాళ్ళని బయటికి పంపి పాప చెయ్యి పట్టుకుని లేపాడు, లేపాక, ఇది ఎవరికీ తెలియనివ్వొద్దని చెప్పి, పాపకి తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఇది నాకెంత ఇష్టమో. చచ్చి బతికిన పిల్ల, చుట్టూ అందరూ బిత్తరపోయి నిలబడ్డారు, ఆకలి సంగతి గుర్తున్నది ఆయనొక్కడికే.

ఇక్కడ లాబ్‌లో కూడా చిన్నగా అలాంటిదే జరిగింది. లోపల రక్తం తీసే కుర్రాడు ఒక క్షణం తలుపు తీసుకుని బయటికొచ్చి, గ్లవ్స్ కూడా తియ్యకుండా అమ్మ వైపు చూసి "తర్వాత మీరే కదమ్మా, షుగర్ ఉందా మీకు? ఇంకొంచెం ఓర్చుకోండి, వెంటనే తీసేస్తా, సారీ అండి" అని మళ్ళీ లోపలికెళ్ళిపోయాడు. అంతే. టైమ్ ఏమీ తగ్గలేదు, ఇంకా చాలాసేపే పట్టింది. కానీ అమ్మ పట్టీ వదిలేసింది, గట్టిగా అడిగినాయన కూడా కూర్చున్నాడు. ఆ కుర్రాడు ఏ మతమో ఏంటో నాకు తెలీదు, కానీ ఇవాళ నేను చూసినవాటిల్లో అంత చక్కటి పని ఇంకోటి లేదు. ఎదురుచూసేవాళ్ళకి కావలసింది చాలాసార్లు ఇదే, నిన్ను మర్చిపోలేదు అని ఒక ముక్క.

అమ్మని ఇంట్లో దింపి ఆఫీస్‌కి లేట్‌గా వెళ్ళా, చేయాల్సింది కుప్పలుగా ఉంది. కొత్తగా జాయిన్ అయిన అబ్బాయి నిన్న అడిగిన డౌటే మళ్ళీ తెచ్చాడు. ఇలాంటప్పుడు మనకి ప్రభువు చెప్పిన ఉపమానంలోని మంచి సమరయుడు గుర్తొస్తాడు, వెంటనే గిల్టీ కూడా వస్తుంది, అన్నీ వదిలేసి పక్కవాడికి చెయ్యాలేమో అని. కానీ ఆ ఉపమానం చివరిదాకా చదవాలి (లూకా 10). యెరూషలేము నుంచి యెరికోకి వెళ్ళే దారి అంటే కొండల మీదనుంచి కిందకి, సుమారు 1000 మీటర్లు దిగిపోవాలి, దొంగలకి అనువైన చోటు. అక్కడ దొంగలు కొట్టి పడేసిన ఒక మనిషి కోసం సమరయుడు ఆగాడు, కట్లు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకెళ్ళి ఆ రాత్రి చూసుకున్నాడు, బాగానే ఉంది. మరునాడు ఏం చేశాడు? రెండు దేనారాలు తీసి సత్రం ఆయన చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన వెళ్ళాడు. దేనారం అంటే కూలివాడి ఒకరోజు జీతం (మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలతో ఒప్పుకున్నది అదే). అంటే రెండు రోజుల కూలి ఇచ్చాడు, కానీ ప్రయాణం మానుకోలేదు. పని మొత్తం తన నెత్తినే వేసుకోలేదు, చూసుకోగలిగిన ఇంకొకళ్ళకి అప్పజెప్పాడు. అబ్బాయికి పావుగంట కూర్చుని చూపించా, మిగతాది నాకంటే బాగా తెలిసిన సీనియర్‌తో మాట్లాడి కూర్చోబెట్టా. సత్రం ఆయన అన్నమాట. ఆ సీనియర్‌కి ఈ పోలిక చెప్తే ఒప్పుకోడు, ఖర్చు తిరిగొచ్చి ఇస్తానంటే మాత్రం ఒప్పుకుంటాడు.

ఇంకోటి కూడా ఉంది, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవడమే భక్తి అయితే మార్కు 1వ అధ్యాయం ఎలా చదువుతాం? ఇంకా చీకటితోనే లేచి ప్రభువు ఒంటరిగా ప్రార్థన చేసుకుంటుంటే శిష్యుడు సీమోను వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం వెతుకుతున్నారు అంటారు. ముందురోజు సాయంత్రం పట్టణమంతా తలుపు దగ్గర కూడింది, ఇంకా రోగులు మిగిలే ఉంటారు. ఆయన వెనక్కి వెళ్ళలేదు, పక్క ఊళ్ళకి వెళ్దాం రండి అన్నాడు. ఒకచోట ఆగాడు, ఒకచోట ఆగలేదు. రూల్ ఏమీ రాసిపెట్టలేదు. నాకైతే ఆ పొద్దుటి ప్రార్థనలోనే ఆ తేడా తెలుస్తుంది అనిపిస్తుంది, అందుకే ఆ అరగంట పోతే అంత చిరాకు. అయినా చిన్నోడి కడుపునొప్పి విషయంలో ఆగాల్సిందే, ఆగాను అనుకుంటున్నా, పనుల మధ్యలో కూడా దేవుడితో ఉండొచ్చు కదా. 17వ శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు, కార్మెలైట్ అనే కేథలిక్ సన్యాసుల మఠంలో వంటపని, ఆ పనంటే అసలు ఇష్టం లేకపోయినా ఏళ్ళ తరబడి గిన్నెల మధ్యే దేవుడితో మాట్లాడుకునేవాడట. మఠంలో పిల్లలుండరు లెండి, స్కూల్ బస్ హారన్ కూడా ఉండదు.

రాత్రి ఎనిమిదింటికి సంఘంలో ఒక అక్క ఫోన్. భర్త పోయాక ఒంటరిగా ఉంటుంది, "వందనాలు చెల్లీ" అని మొదలుపెడితే నిన్న చెప్పిందే మళ్ళీ చెప్తుంది. అవతల కుటుంబ ప్రార్థనకి అందరూ కూర్చున్నారు. ఇంతకుముందైతే ఊఁ ఊఁ అంటూ పక్కన వీళ్ళకి సైగలు చేస్తూ సగం సగం వినేదాన్ని, అలా వింటే ఇటు వీళ్ళకీ లేదు, అటు ఆమెకీ లేదు. ఇవాళ కాసేపు నిజంగా విని, "అక్కా, ఇంట్లో ప్రార్థనకి కూర్చున్నారు, రేపు మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో నేనే చేస్తాను, మొత్తం చెబుదువుగాని" అన్నా. ఒక్క క్షణం ఆగి "నువ్వే చేస్తావా?" అంది. చేస్తానన్నా. అలారం పెట్టుకున్నా, ఆమె పేరుతోనే.

ప్రార్థనలో మా ఆయన్ని ఇవాళ ఈ భాగమే చదవమన్నా. చిన్నోడు కడుపునొప్పి సంగతి మర్చిపోయి బుద్ధిగా విన్నాడు. అయ్యాక అడిగాడు, "మరి యాయీరుకి కోపం రాలేదా?"

"వచ్చిందని రాశారా అక్కడ?" అన్నారు మా ఆయన.

"లేదు."

"అయితే రాలేదు."

"వచ్చే ఉంటుంది, మార్కు రాయలేదంతే" అన్నాడు వీడు. అమ్మ నవ్వి "నీకెలా తెలుసురా?" అంది. "నాకైతే వచ్చేది నానమ్మా..." అనబోయి నాలుక కరుచుకుని, అమ్మమ్మా అని సరిచేసుకున్నాడు, రెండు నెలలు వాళ్ళ నానమ్మ దగ్గర ఉండొచ్చాడు కదా, ఇంకా ఆ అలవాటు పోలేదు. అమ్మ మాత్రం వదల్లేదు, వస్తే ఏం చేసేవాడివి అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, "అరిచేవాణ్ణి, కానీ ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి కాదు, ఆయన్ని తీసుకునే వెళ్ళేవాణ్ణి" అన్నాడు.